ఈమెయిలు మోతకూలి ఎవరి పద్దు?

ఒక నెట్‌వర్కులో పుట్టిన ఈమెయిలు మరొక నెట్‌వర్కులోని మనిషికి చేరాలంటే, నడుమ ఎవరిదో ఒక సర్వర్ దానిని అందుకొని, కాసేపు తన డిస్కులో దాచి, అవతలివారికి అప్పగించాలి. ఇందుకు యంత్రం కావాలి, కరెంటు కావాలి, లైను కావాలి. వాటన్నింటికంటే ముఖ్యంగా, చిక్కు వచ్చినప్పుడు అర్ధరాత్రి లేచి చూసే మనిషి కావాలి. ఈ ఖర్చు పంపినవారు భరించాలా, అందుకున్నవారు భరించాలా, లేక నడుమ ఉన్నవారే ధర్మానికి మోయాలా అన్న తగవు కంప్యూటర్ నెట్‌వర్కులంత పాతది. బెంగళూరులో మెయిల్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చాలాకాలంగా ఉన్నదానిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరి చందాదారుల ఖర్చు వారే భరించాలి. రెండు నెట్‌వర్కుల మధ్య ఉత్తరానికి ఇంత అని రేటు కట్టకూడదు. ఇద్దరికీ చెందని మూడో నెట్‌వర్కు మోసినప్పుడు మాత్రం, ఎవరు అడిగితే మోసిందో వారు దానికి ముందుగా మాట్లాడుకున్న మొత్తం చెల్లించాలి.

అసలు ఖర్చు ఎక్కడ పుడుతుందో చూస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. పద్దులు రాసేవారు సాధారణంగా లైను మీద ఎంత డేటా పోయిందన్న దానితోనే దీనిని కొలుస్తారు. చిత్రాలూ పత్రాలూ జతచేసినప్పుడు ప్రతి మూడు బైట్లూ నాలుగు బైట్లుగా మారి బరువు మూడో వంతు పెరుగుతుందన్నది నిజమే. అయినా ఒక కార్యాలయం రోజంతా పంపే ఈమెయిళ్లన్నీ కలిపినా, అక్కడివారు భోజనవేళ చూసే వీడియోల ముందు లెక్కకు రావు. మోతలో ఖరీదైనది బరువు కాదు, పూచీ.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సి 821 అనే నియమపత్రం, సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అప్పగించుకునే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిని నిర్వచించింది. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5321 దానిని సవరించినా మూలసూత్రం చెక్కుచెదరలేదు. పంపే సర్వర్ ఉత్తరమంతా అప్పగించి, చివర ఒంటి చుక్క ఉన్న వరుసతో ముగిస్తుంది. అందుకున్న సర్వర్ 250 అన్న సంఖ్యతో బదులిస్తుంది. ఆ బదులు వెలువడిన క్షణం నుంచి ఉత్తరం బాధ్యత చేతులు మారుతుంది: దానిని గమ్యానికి చేర్చాలి, చేర్చలేకపోతే చేరలేదని పంపినవారికి తెలియజేయాలి, ఈ రెండూ చేయకుండా ఊరుకోవడానికి వీల్లేదు. అవతలి సర్వర్ పలకకపోతే ఉత్తరాన్ని వరుసలో ఉంచుకొని మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. నాలుగైదు రోజుల దాకా ఆశ వదులుకోకూడదని ఆ నియమపత్రమే చెబుతుంది. ఇతరుల ఉత్తరాల వరుస మన డిస్కులో పేరుకుపోతే, మన ఉత్తరాలు కూడా ఆ వరుసలోనే నిలబడతాయి. ఇతరులు పంపినదానిలో చెత్త ఉంటే, చెడ్డపేరు మన సర్వర్ చిరునామాకు వస్తుంది. వీటిలో ఏదీ లైను బిల్లులో కనిపించదు.

పూర్వం కథ వేరుగా ఉండేది. అప్పట్లో మోత ఖర్చు కళ్లకు కట్టినట్టు టెలిఫోను బిల్లులోనే కనిపించేది. 1970ల చివర బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూయూసీపీ పద్ధతిలో ఒక యునిక్స్ యంత్రం మరొక యంత్రానికి ఫోను చేసి ఉత్తరాలు అప్పగించేది. అది తన వంతుగా ఇంకొకదానికి ఫోను చేసేది. చిరునామాలోనే దారి మొత్తం, యంత్రాల పేర్ల నడుమ ఆశ్చర్యార్థక చిహ్నాలు పెట్టి రాయవలసివచ్చేది. నాలుగు యంత్రాలు దాటితే నాలుగు ఫోను కాల్స్, నాలుగు సంస్థల బిల్లులు. బెల్ ల్యాబ్స్‌లోని ఐహెచ్‌ఎన్‌పీ4, డిజిటల్ అనే కంప్యూటర్ కంపెనీలోని డెక్‌వ్యాక్స్ వంటి కొన్ని యంత్రాలు అమెరికా అంతటి ఉత్తరాలనూ ఉదారంగా మోసేవి. ఈ ఉదారత్వం ఆ సంస్థల యజమానుల నిర్ణయమేమీ కాదు. అంత పెద్ద కంపెనీల ఫోను బిల్లులో ఆ మొత్తం విడిగా ఎవరికంటా పడలేదు, అంతే. నా అనుమానం ఏమిటంటే, ఈమెయిలుకు ఖర్చు ఉండదన్న నమ్మకం అక్కడే మొదలై ఉంటుంది.

ఆ ఏర్పాటు కలకాలం సాగేది కాదు. ఇలాగే ఉత్తరాలు మోసే సీస్మో అనే యంత్రాన్ని నడిపిన రిక్ ఆడమ్స్, ఆ యంత్రంపై పడుతున్న భారం చూసి, 1987లో యూనిక్స్ వాడుకరుల సంఘమైన యూసెనిక్స్ సాయంతో యూయూనెట్ అనే సంస్థను స్థాపించారు. దాని పని ఉత్తరాలు మోయడం, మోయించుకున్నవారి దగ్గర రుసుము తీసుకోవడం. కొందరు దానిని వ్యాపారమని ఈసడించి ఉండవచ్చు గాని, మోసేవారికి బాహాటంగా డబ్బు ఇచ్చే ఏర్పాటు, గుట్టుగా వేరొకరి బిల్లు మీద బతికే ఏర్పాటు కంటే ఎన్నో రెట్లు నిజాయతీ గలదని నేను అనుకుంటాను. యూరప్‌లో ఈ నిజాయతీ ముందే తప్పనిసరి అయింది. అమ్‌స్టర్‌డామ్‌లోని ఎంసీవ్యాక్స్ అనే యంత్రం అమెరికాతో లంకె. సముద్రం దాటే కాల్స్ ఖరీదు ఎవరికీ కనిపించకుండా పోయే మొత్తం కాదు కనుక, యూనెట్ అనే యూరప్ నెట్‌వర్కు సభ్య సంస్థలు వచ్చే ఉత్తరాలకూ పోయే ఉత్తరాలకూ తామే ఖర్చు పంచుకున్నాయి.

మన దేశపు విద్యా పరిశోధన నెట్‌వర్కు ఎర్నెట్ కథ కూడా ఇదే కాలానిది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి నిధులు సమకూర్చగా ఎనిమిది సంస్థలతో అది మొదలైంది: బొంబాయిలోని ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థ ఎన్‌సీఎస్‌టీ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఢిల్లీ, బొంబాయి, కాన్పూరు, ఖరగ్‌పూరు, మద్రాసు ఐఐటీలు, ఎలక్ట్రానిక్స్ శాఖ. విదేశాల ఉత్తరాలన్నీ ఎన్‌సీఎస్‌టీ గుండా యూయూనెట్‌కు పోయేవి. 1989 నాటికి అక్కడ ఉన్న లీజు లైను వేగం సెకనుకు 9,600 బిట్లు. దేశంలోపల ఎస్టీడీ ఛార్జీలు రాత్రి పొద్దుపోయాక నాలుగో వంతుకు దిగే రోజులవి. మోడెములు ఆ వేళ కోసం కాచుకొని ఉండడంలో ఆశ్చర్యమేముంది, మనుషులం కూడా ఎస్టీడీ బూత్‌ల ముందు అలాగే వరుస కట్టాం. యశ్వంతపురం దారిలోని విజ్ఞాన సంస్థ ఆవరణలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు అమెరికాలోని సీనియర్లకు రాసిన ఉత్తరాలకు తమ జేబులోంచి ఏమీ ఇవ్వలేదు; ప్రభుత్వం ఇచ్చింది. పరిశోధన కోసం అలా ఇవ్వడం సబబే. ఆ లైను మీద వ్యాపార సంస్థల ఉత్తరాలు కూడా పోవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అది సబబు కాదు. అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ ఎదుర్కొన్నది సరిగ్గా ఈ ప్రశ్ననే. ప్రజాధనంతో నడిచే ఆ నెట్‌వర్కును వ్యాపారానికి వాడరాదన్న నియమం ఉండగా, ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ ప్రత్యేక అనుమతి తీసుకొని 1989లో వ్యాపార ఈమెయిలు సేవ అయిన ఎంసీఐ మెయిల్‌ను ప్రయోగంగా దానికి కలిపారు. తలుపు ఒకరికి తెరిచాక మిగిలినవారికి మూయడం కుదరలేదు. కంప్యూసర్వ్ వంటి చందా సేవలు వెంటనే వచ్చాయి. 1995 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ వెన్నెముక నెట్‌వర్కునే మూసివేసి, మోతను ప్రైవేటు సంస్థలకు వదిలేశారు.

కంప్యూసర్వ్ చేసిన ఒక పని ఇక్కడ చెప్పుకోవాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని చదువుకున్నందుకు అది తన చందాదారు దగ్గరే రుసుము వసూలు చేసేది. మన తరం వారికి ఇది వినగానే బేరంగు ఉత్తరం గుర్తుకురావాలి. స్టాంపు అంటించకుండా డబ్బాలో వేస్తే అందుకున్నవారు లోటుకు రెట్టింపు కట్టి విడిపించుకోవలసిన ఉత్తరం అది. డబ్బు వసూలు చేయవలసి ఉంటుంది కనుక పోస్ట్‌మాన్ దానిని తప్పకుండా చేతికే ఇస్తాడని నమ్మి, కావాలనే స్టాంపు లేకుండా వేసిన పెద్దలు మా బంధువుల్లోనే ఉన్నారు. మన దేశంలో 1854 తపాలా చట్టం దూరంతో నిమిత్తం లేకుండా బరువును బట్టి, అర్ధణా మొదలుకొని ధర నిర్ణయించి, ముందుగా స్టాంపు కొనడాన్ని మామూలు పద్ధతి చేసింది. పంపేవారే చెల్లించాలన్న న్యాయం అప్పటి నుంచి మన రక్తంలో ఉంది. దేశాల మధ్య మాత్రం తపాలా పెద్దలు మరొక తెలివైన పని చేశారు. 1874లో బెర్న్ ఒప్పందంతో ఏర్పడిన తపాలా సమితి, ఏ దేశం అమ్మిన స్టాంపుల డబ్బు ఆ దేశమే ఉంచుకోవాలనీ, ఎదుటి దేశం ఉత్తరాలను ఉచితంగా బట్వాడా చేయాలనీ నిర్ణయించింది. ప్రతి ఉత్తరానికీ ఒక జవాబు వస్తుంది గనుక ఖాతాలు వాటంతటవే సరిపోతాయని వారి లెక్క. దాదాపు వందేళ్లు అలాగే సాగింది. పత్రికల వంటివి ఒకే దిక్కుకు ఎక్కువగా పోవడం మొదలయ్యాక, 1969 టోక్యో మహాసభలో బట్వాడా చేసే దేశానికి కొంత చెల్లించాలన్న నియమం వచ్చింది. ఆ చెల్లింపుల మీదే 2018లో అమెరికా సమితి నుంచి తప్పుకొంటానని బెదిరించేదాకా వెళ్లింది.

ఈమెయిలు 1874 నాటి పద్ధతినే, ఎవరూ ఏ ఒప్పందం మీదా సంతకం చేయకుండానే, అనుసరించింది. వేరే దారి లేకపోలేదు. 1984లో టెలిఫోను శాఖల అంతర్జాతీయ సంఘం ఎక్స్.400 అనే పద్ధతిని ప్రకటించింది. దానిలో దేశాల టెలికం శాఖలు ఉత్తరాలను ఒకరికొకరు మార్చుకుంటూ, ఫోను కాల్స్‌కు చేసినట్టే, లెక్కలు తేల్చుకోవడానికి వీలుండేది. మన ప్రభుత్వ టెలికం సంస్థ విఎస్ఎన్ఎల్ కూడా దాని ఆధారంగా ఒక మెయిల్ సేవ నడిపింది. సాంకేతికంగా అది చక్కనిదే. రశీదులు, ప్రాధాన్యాలు, అన్నీ ఉన్నాయి. కానీ ఉత్తరానికి ఇంత అని లెక్క రాయాలంటే, ఆ లెక్క రాయడానికీ సరిచూడడానికీ తగవు తీర్చడానికీ అయ్యే ఖర్చు మోత ఖర్చును మించిపోతుంది. ఎస్‌ఎమ్‌టీపీలో లెక్కల పుస్తకమే లేదు. అదే గెలిచింది.

లెక్కల పుస్తకాలు ఎటు నడుస్తాయో చూడడానికి మన దేశమే చాలు. 2003లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పద్ధతి ప్రకారం, కాల్ చేసినవారి కంపెనీ అందుకున్నవారి కంపెనీకి నిమిషానికి 30 పైసలు ఇవ్వాల్సి ఉండేది. అదే సంవత్సరం ఏర్పడిన నిక్సి అనే ఇంటర్నెట్ కూడలిలో మాత్రం ఇచ్చినదానికంటే ఎక్కువ డేటా అందుకున్న కంపెనీ ఎదుటివారికి చెల్లించాలన్న నియమం నడిచింది. ఒకచోట పంపినవారు, మరొకచోట అందుకున్నవారు! రెండింటికీ సమర్థనలు ఉన్నాయి: ఫోనులో పిలిచినవాడికి పని, వెబ్‌లో అడిగినవాడికి పని. ట్రాయ్ రేటు క్రమంగా 20 పైసలకు, 14 పైసలకు, 2017 అక్టోబరులో 6 పైసలకు దిగి, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. ఆ మధ్యకాలమంతా కంపెనీలు ఎవరివైపు ఎక్కువ కాల్స్ వస్తున్నాయన్నదాని మీద తగవులాడుకుంటూనే ఉన్నాయి. ఈమెయిలులో పిలిచినవాడెవడు, అడిగినవాడెవడు? వార్తాలేఖకు చందా కట్టినవాడు అడిగినవాడు. అడగకుండా వచ్చిన ప్రకటన పంపినవాడి పని. ఇద్దరు మిత్రులు రాసుకున్నది ఇద్దరిదీ. సర్వర్‌కు ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

అయితే ఉచిత మోతకు ఒక శాపం ఉంది. 1990ల మధ్యదాకా ఎవరి సర్వరైనా ఎవరి ఉత్తరాన్నైనా అడగకుండా మోసేది. అది మర్యాదగా భావించేవారు. ఒక్క ఉత్తరాన్ని వేలాది చిరునామాలతో ముక్కూముఖం తెలియని సర్వర్ నెత్తిన పడేసి, ఖర్చంతా దానికే వదిలేయవచ్చని ప్రకటనలవారు కనిపెట్టగానే ఆ మర్యాద అంతమైంది. 1998లో వచ్చిన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సెండ్‌మెయిల్ 8.9 బయటివారి ఉత్తరాలను మోయడాన్ని మొదటి నుంచే నిలిపివేసి ఉంచింది. పంపేవారి మీద ఖర్చు మోపాలన్న ఆలోచనలు కూడా అప్పటివే. 1992లోనే సింథియా డ్వర్క్, మోనీ నావోర్ ప్రతి ఉత్తరానికీ పంపేవారి కంప్యూటర్ చేత కొంత లెక్క చేయించాలని సూచించారు. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్‌తో దానిని ఆచరణలో చూపారు. డి.జె. బెర్న్‌స్టీన్ సూచన నాకు వీటన్నింటికంటే నచ్చుతుంది: ఉత్తరం పంపినవారి డిస్కులోనే ఉండాలి, అందుకునేవారికి కబురు మాత్రమే వెళ్లాలి, కావలసినవారు వచ్చి తీసుకోవాలి. భారం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. వాడుకలోకి మాత్రం రాలేదు, అది వేరే సంగతి. 2006లో గుడ్‌మెయిల్ అనే సంస్థ ఏఓఎల్, యాహూలతో కలిసి, రుసుము కట్టిన సంస్థల ఉత్తరాలకు వడపోత లేకుండా దారి ఇచ్చే ఏర్పాటు చేసింది. ధర్మసంస్థలూ పౌరహక్కుల సంఘాలూ గట్టిగా వ్యతిరేకించాయి. 2011లో అది మూతపడింది. డబ్బుతో ద్వారం తెరిచే పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది: మోసగాడు తన కంప్యూటర్ వాడడు. ఎవరి ఇంటి యంత్రంలోనో దూరి అక్కడి నుంచి పంపుతాడు. బిల్లు ఆ ఇంటివారికి పోతుంది.

ఇప్పటి పరిస్థితిలో చిన్న నెట్‌వర్కులు మోతకూలి ఇస్తూనే ఉన్నాయి, ఎవరికి ఇస్తున్నాయన్నదే మారింది. అమెజాన్ ఎస్‌ఈఎస్ వంటి సేవలు వెయ్యి ఉత్తరాలకు పది సెంట్లు తీసుకుంటాయి, మన లెక్కలో పది రూపాయల లోపే. మోత ఎంత చవకైందో చెప్పడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు. ఖరీదైనది చేరుతుందన్న భరోసా. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు ఐదు వేలకు మించి పంపేవారు, ఉత్తరం నిజంగా తమ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాలి, ప్రచారపు ఉత్తరాలలో ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలు ఇవ్వాలి, స్పామ్ అన్న ఫిర్యాదులు 0.3 శాతాన్ని చేరకూడదు. అందుకునేవారు తమ ఖర్చును ఇలా నియమాల రూపంలో పంపేవారికి బదిలీ చేశారన్నమాట. నేను దీనిని తప్పుపట్టను. బట్వాడా చేసేవాడికి తన గుమ్మం దగ్గర షరతులు పెట్టే హక్కు ఉంది. పైసలు అడగడం కంటే అది మేలు.

ఈ ఆలోచనలన్నీ మా సంస్థలో పరీక్షకు నిలిచాయి. మా సర్వర్ ఒక తెలుగు విద్యార్థుల వసతిగృహానికీ మరికొన్ని అనుబంధ సంస్థలకూ రిలేగా పనిచేస్తుంది. వారి ఉత్తరాలు మా గుండా బయటికి పోతాయి, బయటివి మా గుండా వారికి చేరతాయి. ఖాతాలు చూసే మా పెద్దాయన కడప జిల్లావారు, పైసా తేడా వస్తే నిద్రపోరు. "అమ్మా, ఎన్ని ఉత్తరాలు పోయాయో మీ దగ్గర లెక్క ఉంటుంది కదా, దాన్నిబట్టి వాళ్లకు బిల్లు వేస్తే సరిపోదా?" అని అడిగారు. లెక్క ఉంటుందండీ, కానీ ఏది ఒక ఉత్తరమో మీరు తేల్చి చెప్పాలి అన్నాను. వార్డెన్ గారు రెండు వందల మందికి ఒకేసారి పంపినది ఒకటా, రెండు వందలా? అవతలి సర్వర్ పలకక ఎన్నోసార్లు ప్రయత్నించి చివరికి చేర్చినదానికి ఒక్కసారి కట్టాలా, ప్రయత్నానికి ఇంత కట్టాలా? బయటి నుంచి వారి పేర వచ్చిన స్పామ్‌ను మేము గుమ్మంలోనే ఆపేస్తే, ఆ శ్రమకు వారు ఇవ్వాలా? ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇంటిపన్ను లాగా ఏడాదికి ఇంతని పెడదాం" అన్నారు. నేను చెప్పదలచుకున్నదీ అదే.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇలా ఉంది. ప్రతి సంస్థా తనకున్న మెయిల్‌బాక్సుల సంఖ్యను బట్టి ఏడాది మొత్తం ఇస్తుంది. అందులో ఎక్కువ భాగం నిర్వహణ చూసే మనిషి జీతంలో వాటా, లైనుకూ యంత్రానికీ పోయేది కొద్దిపాటే. ఫీజుల నోటీసులు, ఉత్సవాల ఆహ్వానాలు వంటి మూకుమ్మడి ఉత్తరాలు మా గుండా పోకూడదు. వాటిని వారే తమ పేర రుసుము సేవల ద్వారా పంపుకోవాలి. వారి ఖాతా ఎవరైనా దొంగిలించి, దాని వల్ల మా చిరునామా నిరోధ జాబితాలోకి ఎక్కితే, బయటపడడానికి పట్టిన శ్రమ వారి పద్దులో పడుతుంది. ఈ మూడో షరతు మీదే అందరికంటే ఎక్కువ బేరం జరిగింది, పూచీకి ధర కట్టడం వారికీ కొత్తే కనుక.

తేలనిది ఒక్కటి మిగిలింది: వసతిగృహంలో చదివి వెళ్లిపోయిన పాత విద్యార్థుల చిరునామాలు. వారికి పెట్టె లేదు, వచ్చినది వచ్చినట్టు వారి జీమెయిల్‌కు మళ్లించడమే. ఒక ఉత్తరాన్ని ఇలా మళ్లిస్తే, అసలు పంపినవారి డొమైన్ తరఫున పంపడానికి మా సర్వర్‌కు అనుమతి లేదు గనుక ఎస్‌పీఎఫ్ తనిఖీలో అది తప్పుతుంది. మళ్లించినదానిలో స్పామ్ ఉంటే, దానిని మేమే పంపినట్టు జీమెయిల్ లెక్కవేస్తుంది. అంటే ఇక్కడ పంపినవాడికీ ఖర్చు లేదు, అందుకున్నవాడికీ లేదు, నడుమ మోసినవాడికి మాత్రం బిల్లూ చెడ్డపేరూ రెండూ. పాత విద్యార్థులు చిరునామాను అభిమానంతో ఉంచుకున్నారని నాకు తెలుసు, కానీ అభిమానం మా సర్వర్ పేరు కాపాడదు. కొత్త మళ్లింపులు ఇవ్వడం ఆపేశాం. ఉన్నవారికి మార్చి 31 దాకా గడువు ఇచ్చాం. ఆ తర్వాత ఏడాది చందా కట్టి ఇక్కడే పెట్టె తీసుకోవచ్చు, లేదా తమ కొత్త చిరునామాను తెలిసినవారందరికీ తామే రాసుకోవచ్చు.